ఊరు చెదిరాక కట్టుకున్న రచ్చబండ: మెల్‌బోర్న్ శివార్లలో ఆబొరిజినల్ గ్యాదరింగ్ ప్లేస్‌లు ఎలా నడుస్తాయి?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ శివార్లలో కొన్ని భవనాల ముందు నలుపు, ఎరుపు, పసుపు రంగుల జెండా కనిపిస్తుంది. బ్రిటిషువాళ్లు రాకముందు నుంచే ఈ ఖండంలో ఉన్న ఆబొరిజినల్ ప్రజల జెండా అది. బోర్డు మీద ఆ నేల భాషలో ఒక పేరు, దాంతోపాటు చాలాచోట్ల 'గ్యాదరింగ్ ప్లేస్' అన్న మాట ఉంటాయి. మ్యూజియం అనుకుని వెళ్లినవాళ్లు టికెట్ కౌంటర్ కోసం వెతుక్కుంటారు. ప్రభుత్వ ఆఫీసు అనుకుని వెళ్లినవాళ్లు టోకెన్ ఎక్కడిస్తారా అని చూస్తారు. రెండూ ఉండవు. లోపల ఒక పెద్ద వంటగది, పొడవాటి బల్ల, దాని చుట్టూ టీ తాగుతూ నలుగురైదుగురు పెద్దవాళ్లు ఉంటారు. వెనక పెరట్లో నిప్పు గుంట ఉంటుంది.

గ్యాదరింగ్ ప్లేస్ అంటే కలుసుకునే చోటు. మనకు వెంటనే రచ్చబండ గుర్తొస్తుంది గానీ ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. మన దగ్గర ఊరు ముందు, బండ తర్వాత. ఇక్కడ ఊరు చెదిరిపోయింది. చెదిరిన జనం ఒకరినొకరు వెతుక్కోవడానికి బండ కట్టుకున్నారు. భవనం అలా ఎందుకుంది, సభ్యత్వానికి అన్ని షరతులెందుకు, కొన్ని రోజులు బయటివాళ్లకు తలుపు ఎందుకు తెరవరు అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఇందులోనే దొరుకుతాయి. 'సంస్కృతి నేర్పే కేంద్రం' అని చాలామంది పరిచయం చేస్తారు. అది రెండో పని. సొంతవాళ్లు సొంతవాళ్లను కలవడం మొదటి పని. ఈ రెంటి వరస తారుమారైన చోట భవనం మిగులుతుంది, మనుషులు రావడం మానేస్తారు.

మాటల గురించి ముందే రెండు ముక్కలు. తెలుగు పత్రికలు వీళ్లను 'ఆదివాసులు' అని రాసేస్తుంటాయి. మన దగ్గర ఆ మాటకు అడవి, ఏజెన్సీ, షెడ్యూల్డ్ తెగల జాబితా అన్న అర్థాలు అంటుకుని ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఎక్కువమంది ఆబొరిజినల్ ప్రజలు ఉండేది పట్టణాల్లో, నగరాల్లో. అందుకే ఇక్కడ 'ఆబొరిజినల్ ప్రజలు' అనే వాడుతున్నాం. 'ఆబొరిజిన్స్' అన్న నామవాచకం వాళ్లలో చాలామందికి పాత అవమానాలను గుర్తుచేస్తుంది, దాన్ని మానెయ్యడం మంచిది. విక్టోరియాలోనూ న్యూ సౌత్ వేల్స్‌లో చాలా భాగంలోనూ వాళ్లు తమను 'కూరీ' అని చెప్పుకుంటారు. క్వీన్స్‌లాండ్‌లో 'మర్రీ', పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన 'నూంగర్' అంటారు. ఒక చోటి మాట ఇంకో చోట చెల్లదు. తమిళుణ్ణి తెలుగువాడని పిలిచినట్టే ఉంటుంది.

చెట్టు కింద మొదలైన కథ

1869లో విక్టోరియా చేసిన చట్టం ఆబొరిజినల్ ప్రజలు ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో, వాళ్ల పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. 1886లో దానికి మరో చట్టం తోడైంది. ఆబొరిజినల్, తెల్లవాళ్ల కలయికలో పుట్టి 34 ఏళ్లు నిండనివాళ్లు రిజర్వుల్లో, అంటే ప్రభుత్వం ఆబొరిజినల్ ప్రజలకు కేటాయించిన నివాసాల్లో, ఉండకూడదని అది శాసించింది. అక్కతో ఉండే తమ్ముడికి, తల్లితో ఉండే కొడుక్కి అలా దారి వేరైంది. హీల్స్‌విల్ దగ్గర కొరాండెర్క్ అనే రిజర్వు ఉండేది. 1863లో మొదలైన ఆ ఊళ్లో జనం బీరు తయారీలో వాడే హాప్స్ పండించి బహుమతులు తెచ్చుకున్నారు, వురుంజెరి పెద్ద విలియం బరాక్ నాయకత్వంలో ప్రభుత్వానికి అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. పనిచేసే చేతులను ఈ చట్టం బయటికి నెట్టడంతో ఊరు కుంగిపోయింది. 1924లో దాన్ని మూసేసి, మిగిలినవాళ్లలో చాలామందిని దూరంగా గిప్స్‌లాండ్‌లోని లేక్ టైర్స్ రిజర్వుకు తరలించారు.

చెదిరినవాళ్లలో ఎందరో పని వెతుక్కుంటూ మెల్‌బోర్న్ నడిబొడ్డున అద్దెలు తక్కువగా ఉన్న ఫిట్జ్‌రాయ్‌కి చేరారు. పక్కనే కార్ల్‌టన్ గార్డెన్స్‌లో ఒక మోరెటన్ బే ఫిగ్ చెట్టుంది. మన మర్రి, రావి జాతిదే. గది అద్దెకు తీసుకునే స్తోమత లేని రోజుల్లో ఆ చెట్టు కిందే సభలు జరిగేవి. విలియం కూపర్, డగ్లస్ నికోల్స్ వంటి ఆబొరిజినల్ నాయకులు హక్కుల గురించి మాట్లాడింది అక్కడే. గ్యాదరింగ్ ప్లేస్ అన్న పేరు పుట్టకముందే ఆ పని చేసిన చోటు అది. 1957లో ఆబొరిజిన్స్ అడ్వాన్స్‌మెంట్ లీగ్ అనే హక్కుల సంస్థ ఏర్పడింది. 1973లో ఫిట్జ్‌రాయ్‌లో ఆబొరిజినల్ ఆరోగ్య సేవ మొదలైంది. ఆ రోజుల్లో ఫిట్జ్‌రాయ్‌లోని గెర్ట్రూడ్ వీధిలో నడుస్తుంటే బంధువు ఎదురుపడకుండా ఉండటం కష్టమనేవారు.

తర్వాత ఫిట్జ్‌రాయ్‌లో అద్దెలు పెరిగాయి. కుటుంబాలు ముందు ఉత్తరాన థార్న్‌బరీ, ప్రెస్టన్ వైపు, ఆపైన ఇంకా చవకగా ఉన్న శివార్లకు జరిగాయి. 2021 జనగణనలో విక్టోరియాలో ఆబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులు (ఆస్ట్రేలియా ఉత్తరపు దీవుల మూలవాసులు) సుమారు 66 వేలు. రాష్ట్ర జనాభాలో ఒక్క శాతం. వాళ్లలో దాదాపు సగం మంది మెల్‌బోర్న్ మహానగరంలోనే ఉంటారు గానీ వాళ్లకంటూ ఒక పేట లేదు. తరగతికి ఒక్క పిల్లాడు, వీధికి ఒక్క ఇల్లు అన్నట్టు అంతటా చల్లినట్టుగా ఉంటారు. సేవలన్నీ నగరం ఉత్తర భాగంలో, మనుషులేమో నలుదిక్కులా. శివార్లలో గ్యాదరింగ్ ప్లేస్‌లు పుట్టింది ఈ ఖాళీలోనే. ఫ్రాంక్‌స్టన్‌లో నేర్మ్ మార్ జంబానా, హేస్టింగ్స్‌లో విల్లమ్ వరైన్, తూర్పు శివార్లలో ముల్లమ్ ముల్లమ్ ఈ కోవలోవే. 'విల్లమ్ వరైన్' అంటే ఆ ప్రాంతపు భాషలో సముద్రం పక్కన ఇల్లు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన విండమ్ మునిసిపాలిటీలో, విండమ్ వేల్ దగ్గర వుంగుర్‌విల్ దురంగ్ ఉంది. వాదావురంగ్ భాషలో 'దిటవైన గుండె' అని అర్థం.

నేల ఒకరిది, గది అందరిది

బయటివాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఆబొరిజినల్ ప్రజలు ఒకే జాతి కాదు. బ్రిటిషువాళ్లు వచ్చేనాటికి ఖండమంతా కలిపి 250కి పైగా భాషలుండేవి. మెల్‌బోర్న్ ఉన్నది కూలిన్ సమూహానికి చెందిన నేల మీద. నగరంలో ఉత్తర భాగం వురుంజెరి ప్రజలది, దక్షిణాన సముద్రతీరం బునురాంగ్ ప్రజలది. చట్టపరంగా ఈ రెండింటి మధ్య సరిహద్దు 2021 జులై 1 నుంచి నగరం మధ్యగా సాగుతోంది. సిటీ సెంటర్, రిచ్‌మండ్ వురుంజెరి వైపు వచ్చాయి. సెయింట్ కిల్డా, ఆల్బర్ట్ పార్క్ బునురాంగ్ వైపు వచ్చాయి. పడమట వెర్రిబీ నది దాటితే వాదావురంగ్ నేల.

గ్యాదరింగ్ ప్లేస్‌కు వచ్చేవాళ్లలో ఆ నేల సొంతదారులు కొద్దిమందే ఉండొచ్చు. ముర్రే నది వైపు నుంచి వచ్చిన యోర్తా యోర్తా కుటుంబాలు, నైరుతి నుంచి గుండిట్జ్‌మారా, తూర్పు నుంచి గునైకుర్నై, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, తామెవరో ఇంకా తెలియనివాళ్లు అందరూ ఉంటారు. గది అందరిదీ. నేల గురించి మాట్లాడే అధికారం మాత్రం సంప్రదాయ సొంతదారులదే. 2006 ఆబొరిజినల్ హెరిటేజ్ చట్టం కింద నమోదైన సంస్థలు ఆ బాధ్యత చూస్తాయి. వురుంజెరి, బునురాంగ్, వాదావురంగ్ ప్రజలకు వేర్వేరు సంస్థలున్నాయి.

దీనివల్ల వచ్చే చిక్కులు చాలా నిర్దిష్టంగా ఉంటాయి. గ్యాదరింగ్ ప్లేస్‌లో అందరూ గౌరవించే యోర్తా యోర్తా పెద్దాయన బునురాంగ్ నేల మీద 'వెల్‌కమ్ టు కంట్రీ' చెప్పకూడదు. అది ఇంటివాళ్లు చెప్పే మాట. ఆయన కూడా అక్కడ అతిథే. 'అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ' ఎవరైనా చెప్పొచ్చు, మనమైనా సరే. అది అతిథి పెట్టే నమస్కారం. ఇక్కడ కంట్రీ అంటే ఆస్ట్రేలియా దేశం అనుకోకూడదు. ఒక ప్రజకు బాధ్యత ఉన్న నేల, నీళ్లు, చెట్లు, వాటి కథలు అన్నీ కలిపి కంట్రీ.

భవనానికి పేరు పెట్టడమూ ఇలాగే. నిఘంటువులో నచ్చిన మాట వెతికి బోర్డు రాయించుకుంటే కుదరదు. ఆ భాష ఏ ప్రజదో వాళ్లను అడగాలి, ఉచ్చారణ, వర్ణక్రమం వాళ్లు ఖాయం చేయాలి. దీనికి నెలలు పట్టొచ్చు. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించి, పేరు కోసం తర్వాత పరిగెత్తడం తరచూ జరిగే పొరపాటు. ఇంకో సంగతి: ఏరు, కాలువ వంటి నీటి దారికి 200 మీటర్ల లోపలి నేలను చట్టం సాధారణంగా వారసత్వ పరంగా సున్నితమైనదిగా చూస్తుంది. అక్కడ పెద్ద ఎత్తున తవ్వి కట్టే నిర్మాణమైతే ముందు వారసత్వ నిర్వహణ ప్రణాళిక తయారు చేయించాలి. కట్టేది ఆబొరిజినల్ సంస్థే కదా అన్న మాట ఇక్కడ అక్కరకు రాదు.

సభ్యత్వం, కాగితం, మనసు

సంస్థను నమోదు చేసుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి విక్టోరియా సంఘాల చట్టం. మన వాళ్ల తెలుగు సంఘాలు కూడా సాధారణంగా దీని కిందే నమోదవుతాయి. రెండోది 2006 నాటి కేంద్ర చట్టం, ఆబొరిజినల్ కార్పొరేషన్ల కోసం ప్రత్యేకంగా చేసింది. 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది. దీని కింద డైరెక్టర్లలో మెజారిటీ ఆబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులే కావాలి. శిక్షణ, సలహా ఉచితంగా దొరుకుతాయి. వ్యవహారం అదుపు తప్పితే రిజిస్ట్రార్ ప్రత్యేక అడ్మినిస్ట్రేటర్‌ను నియమించి సంస్థను కాపాడే వీలుంది. మొదటి దారి తేలిక, చిన్న గుంపులకు సరిపోతుంది. ఉద్యోగులు, భవనం, పెద్ద గ్రాంట్లు వచ్చాక రెండోదే నయం. రెండింటిలోనూ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిస్తే నవంబర్ 30లోగా వార్షిక సమావేశం జరగాలి. కోరం నిండక అది వాయిదా పడటం మామూలే. భోజనం పెట్టి, ఆ మధ్యాహ్నమే సమావేశం జరిపే సంస్థలకు ఈ ఇబ్బంది తక్కువ.

ఆబొరిజినల్ అని నిర్ధారించడానికి ప్రభుత్వాలు వాడే కొలతలు మూడు: ఆ వంశంలో పుట్టి ఉండాలి, తాను ఆబొరిజినల్ అని తానే చెప్పుకోవాలి, తాను ఉంటున్న సమాజం తనను అలా ఒప్పుకోవాలి. మూడూ ఉండాలి. ఒంటి రంగు లెక్కలోకి రాదు. డీఎన్‌ఏ పరీక్ష కాగితం తెచ్చినా చెల్లదు. కొన్ని స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగాలు, గృహ పథకాలకు ఆబొరిజినల్ సంస్థ ముద్ర వేసిచ్చిన నిర్ధారణ పత్రం అడుగుతారు. కమిటీ సమావేశంలో దరఖాస్తు పెట్టి, కుటుంబం పేర్లు విచారించి, ఒప్పుకుంటే ముద్ర వేస్తారు.

చెప్పుకోవడానికి ఇంత తేలిగ్గా ఉన్నా, చేతికి వచ్చేసరికి పుండు మీద కారంలా తగులుతుంది. తల్లి ఒడిలోంచి ప్రభుత్వం లాక్కుపోయిన పిల్లలను 'స్టోలెన్ జెనరేషన్స్' అంటారు. 1997 నాటి జాతీయ విచారణ నివేదిక ఈ గాయాన్ని దేశం ముందు పరిచింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అలా పెరిగినవాళ్ల మనవలు ఇవాళ నలభై ఏళ్ల వయసులో తలుపు తట్టి, 'మా నాయనమ్మ ఆబొరిజినల్ అని ఈ మధ్యే తెలిసింది' అంటారు. వాళ్లను మొదటి రోజే 'పత్రం ఏదీ?' అని అడిగితే, కాగితం లేదన్న కారణంతో రెండోసారి గెంటేసినట్టు అవుతుంది. ఏమీ అడగకుండా సభ్యత్వం ఇచ్చేస్తే ఓట్ల మీద, నిధుల మీద అనుమానాలు మొదలవుతాయి. చక్కగా నడిచే చోట్ల ఈ రెంటికీ మధ్య ఒక మెట్టు ఉంటుంది. రాకపోకలకు, భోజనానికి ఎవరినీ ఏమీ అడగరు. ఓటు హక్కున్న సభ్యత్వం మాత్రం వేరు. ఈలోగా కూరీ హెరిటేజ్ ట్రస్ట్ వంటి చోట్ల ఉన్న కుటుంబ చరిత్ర సేవకు దారి చూపిస్తారు. వాళ్లు పాత రిజర్వుల రికార్డులు, ఆర్కైవ్ ఫైళ్లు వెతకడంలో సాయం చేస్తారు.

ఇల్లు ఎలా ఉంటే మనుషులు వస్తారు?

కొత్తగా కట్టే చోట ఆర్కిటెక్టులు ముందు గోడల మీద చుక్కల బొమ్మల గురించి ఆలోచిస్తారు. ఆ చుక్కల శైలి మధ్య ఎడారి ప్రాంతాలది. ఆగ్నేయంలో గీతలు, వజ్రాకార గళ్లు, చెక్కుడు పని సంప్రదాయం. మెల్‌బోర్న్ భవనానికి చుక్కలద్దడం బొబ్బిలి వీణ బొమ్మను రాజస్థాన్ కోటకు తగిలించినట్టుంటుంది. అసలు పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

పెద్ద గదికి కనీసం రెండు దారులుండాలి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పిల్లల్ని తీసుకుపోయిన జ్ఞాపకం ఉన్న కుటుంబాలకు, ఒకే తలుపు, దాని పక్కనే కౌంటర్ ఉన్న గది ఊపిరాడనివ్వదు. లోపల కూర్చున్నవాళ్లకు ఎవరు వస్తున్నారో ముందే కనిపించాలి, వచ్చేవాళ్లకు లోపల ఎవరున్నారో తెలియాలి. వంటగది మూలన ఉండకూడదు, అందరూ దాటి వెళ్లే చోట ఉండాలి. మాటలు అక్కడే మొదలవుతాయి. పిల్లలు ఆడుకునే చోటు పెద్దల బల్ల నుంచి కనపడాలి. మగవాళ్ల విషయాలు, ఆడవాళ్ల విషయాలు విడివిడిగా మాట్లాడుకునే సంప్రదాయం ఉంది కాబట్టి ఒకరి మాట ఒకరికి వినపడని రెండు చోట్లు కావాలి. చావు సంభవించినప్పుడు వాడే మాట 'సారీ బిజినెస్'. ఆ రోజుల్లో కార్యక్రమాలన్నీ రద్దవుతాయి, ఇల్లంతా ఆ కుటుంబానిదే. ఆ వారం స్కూలు బస్సు బుక్ అయి ఉన్నా సరే.

మునిసిపాలిటీ మామూలు కమ్యూనిటీ సెంటర్‌లో ఒక గది ఇచ్చి, 'మంగళవారం రెండు నుంచి నాలుగు దాకా మీది' అంటే అది గ్యాదరింగ్ ప్లేస్ అవదు. ప్రతిసారీ సామాను సర్దుకుని పోవాల్సిన చోట ఎవరూ తమ వాళ్ల ఫొటోలు గోడకు తగిలించరు.

చేతులు నేర్చుకునేవి

ఇక నేర్చుకోవడం సంగతి. టైంటేబుల్‌లో 'అల్లిక తరగతి' అని ఉంటుంది గానీ అక్కడ సగం సేపు జరిగేది కబుర్లే. అల్లే చేతులకు చూపు పని అక్కర్లేదు, నోరు ఖాళీగా ఉంటుంది. ఎవరి మేనత్త ఏ రిజర్వులో పుట్టిందో అప్పుడే తెలుస్తుంది.

ఆగ్నేయ ప్రాంతపు బుట్ట చుట్టలుగా అల్లేది. పెరట్లో పెంచే లొమాండ్రా అనే గట్టి గడ్డి ఆకులు, రెల్లు జాతి మొక్కలు వాడతారు. ఆకును కోయకుండా మొదలు దగ్గర పట్టి లాగితే పూర్తి పొడుగు వస్తుంది, తెల్లటి అడుగు భాగం మెత్తగా ఉంటుంది. దుబ్బులో అన్నీ లాగేయకుండా పక్కపక్క నుంచి కొన్నే తీయాలి. నీడలో వేలాడదీసి పూర్తిగా ఎండబెడతారు. అల్లే ముందు కాసేపు తడిపి, తడి తువ్వాల్లో చుట్టి వంగేలా చేస్తారు. పెన్సిలంత లావు కట్ట పట్టుకుని, సూదికి ఎక్కించిన ఒక్క పోచతో కింది వరసకు కుట్టుకుంటూ చుట్టూ తిరుగుతారు. కొత్తవాళ్లు చేసే తప్పులు రెండు. పచ్చి ఆకుతో అల్లితే అందంగానే వస్తుంది గానీ నెల తిరిగేసరికి ఆకు ఎండి కుంచించుకుపోయి కుట్లన్నీ వదులవుతాయి. రాత్రంతా నీళ్లలో నానబెడితే బూజు పట్టి నల్లబడుతుంది. నేర్పేవాళ్లు మొదటి రోజు రాఫియా పీచు ఇస్తారు. పాడైనా పెరట్లో మొక్క బతికుంటుంది.

అదే పెరట్లో ముర్నాంగ్ ఉంటుంది. పసుపు పూలు పూసే చిన్న మొక్క, కింద తియ్యటి దుంప. ఒకప్పుడు విక్టోరియా మైదానాల నిండా ఇదే. ఆడవాళ్లు కర్రతో తవ్వి తీసేవారు, ఆ తవ్వకమే నేలను గుల్ల చేసేది. 1830లలో వలసదారుల గొర్రెలు వచ్చాయి. కొద్ది ఏళ్లలోనే మొక్కను వేళ్లతో సహా మేసేశాయి, డెక్కలు నేలను బిగించేశాయి. ఆకలికి అది మొదటి కారణాల్లో ఒకటి. ఇప్పుడు పెంచాలంటే ఎత్తు మడి, గుల్ల మట్టి, నత్తల నుంచి కాపలా కావాలి. ఎండాకాలంలో ఆకు మొత్తం వాడిపోతుంది, దుంప మాత్రం నేలలో నిద్రపోతుంది. చచ్చిపోయిందనుకుని వాలంటీర్లు మడి తవ్వి పారేసిన సందర్భాలు ఎన్నో. బోర్డు మీద 'నిద్రపోతోంది, తవ్వొద్దు' అని రాసి పెట్టడం ఒక్కటే మందు. పక్క మడిలో పెరిగే వారిగల్ గ్రీన్స్ పాలకూరలా కనిపిస్తుంది. ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే వండాలి.

అన్నిటికన్నా పెద్ద పని పోసమ్ తోలు దుప్పటి. పోసమ్ అంటే చెట్ల మీద తిరిగే, కడుపుకు సంచి ఉన్న, పిల్లి అంత జంతువు. పుట్టిన బిడ్డకు కొద్ది తోళ్లతో దుప్పటి కుట్టి, బిడ్డ ఎదిగేకొద్దీ తోళ్లు చేర్చేవారు. చివరికి అదే చుట్టి మట్టి చేసేవారు. రిజర్వుల్లో ప్రభుత్వం ఉన్ని కంబళ్లు పంచడంతో ఈ పని ఆగిపోయింది. విక్టోరియా నుంచి 19వ శతాబ్దపు దుప్పట్లు మెల్‌బోర్న్ మ్యూజియంలో రెండే మిగిలాయి. 1999లో విక్కీ కూజెన్స్, లీ డారక్, మరికొందరు కళాకారిణులు వాటిలో ఒకదాన్ని చూసి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టారు. 2006 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో వివిధ భాషా సమూహాల పెద్దలు కొత్త దుప్పట్లు కప్పుకుని నడిచారు. ఒక వింత చూడండి. ఆస్ట్రేలియాలో పోసమ్ రక్షిత జంతువు, అనుమతి లేకుండా చంపకూడదు. న్యూజిలాండ్‌లో అదే జంతువు అడవులను తినేసే చీడ. అందుకే తోళ్లు అక్కడి నుంచి కొంటారు. పెద్దవాళ్ల దుప్పటికి యాభై దాకా పడతాయి కాబట్టి ఖర్చు తక్కువేమీ కాదు. కంగారూ తోక నరం బదులు ఇప్పుడు మైనం పట్టిన దారం, ఆల్చిప్ప గీతల బదులు కరెంటు సూదితో కాల్చిన గీతలు. సూది ఒకే చోట ఎక్కువసేపు ఆగితే తోలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది. పాత తోలు ముక్క మీద వారం సాధన చేశాకే అసలు దాని జోలికి రానిస్తారు. గీతల్లో ఎవరి కుటుంబం, ఎవరి నది ఉండాలో ముందు పెద్దలతో కూర్చుని తేల్చుకుంటారు. కుట్టు పని కంటే దానికే ఎక్కువ కాలం పడుతుంది.

పొగ వేసే క్రతువు చూడటానికి తేలిక. బొగ్గుల నిప్పు మీద పచ్చి ఆకులు వేస్తారు. వురుంజెరి సంప్రదాయంలో మన్నా గమ్, చెర్రీ బల్లార్ట్, సిల్వర్ వాటిల్ కొమ్మలు ప్రధానం. వురుంజెరి అన్న పేరులోని 'వురున్' మన్నా గమ్ చెట్టే. మంట లేస్తే పని చెడినట్టు, చల్లటి తెల్ల పొగ రావాలి. దీనికి అడ్డుపడేవి చట్టం, గంట. కార్చిచ్చు భయంతో టోటల్ ఫైర్ బ్యాన్ (నిప్పు నిషేధం) ప్రకటించిన రోజున ప్రత్యేక అనుమతి లేకుండా ఆరుబయట నిప్పు వెలిగిస్తే నేరం. లోపల వేస్తే స్మోక్ అలారం మోగి ఫైరింజన్ వస్తుంది, బిల్లు కూడా వస్తుంది. నవంబర్ నుంచి మార్చి మధ్య పెట్టుకునే వేడుకకు పొగ లేని ఏర్పాటు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎక్కడ తెగుతుంది?

డబ్బు దగ్గర. ఎక్కువ గ్రాంట్లు 12 నెలలకే వస్తాయి. కోఆర్డినేటర్‌ను పెట్టుకుని, జనానికి ఆమె మీద నమ్మకం కుదిరేసరికి కాంట్రాక్టు అయిపోతుంది. పైగా గ్రాంటు 'కార్యక్రమానికి' వస్తుంది. గ్యాస్ బిల్లుకు, టీ పొడికి, పెద్దావిడను ఇంటి నుంచి తీసుకొచ్చే కారు పెట్రోలుకు ఖాతా ఉండదు. అసలు పని జరిగేది వాటివల్లే. నివేదికలో మాత్రం ఎన్ని తరగతులు, ఎంతమంది హాజరు అనే అడుగుతారు. బల్ల దగ్గర మూడు గంటలు మౌనంగా కూర్చుని, నాలుగో వారం నోరు విప్పిన మనిషిని ఏ గడిలో రాయాలి?

రెండో తెగుడు కుటుంబాల మధ్య. కమిటీ ఒకే ఇంటివాళ్లతో నిండితే మిగతావాళ్లు గొడవ చేయరు, మెల్లగా రావడం మానేస్తారు. బయటికి ప్రశాంతంగా కనిపించే ఖాళీ గది ప్రమాద సూచన. పదవీకాలానికి పరిమితి, కుటుంబానికి ఇంతమంది అన్న నియమం రూల్‌బుక్‌లో మొదటి రోజే రాసుకున్న చోట్ల ఈ జబ్బు తక్కువ.

మూడోది బయటివాళ్ల ప్రేమ. మే 27 నుంచి జూన్ 3 దాకా జరిగే రికన్సిలియేషన్ (సయోధ్య) వారం, జులైలో ఆబొరిజినల్ సంస్కృతిని వేడుక చేసుకునే నైడాక్ వారం వచ్చాయంటే స్కూళ్లు, కంపెనీలు, ఆసుపత్రులు అందరికీ ఒకే రోజు ఒక పెద్దావిడ కావాలి. ఆ నెలన్నరలో నలుగురైదుగురు పెద్దల ఒళ్లు హూనమవుతుంది. బయటి బృందాలకు వారంలో ఒక రోజే కేటాయించి, రుసుము వసూలు చేసి, మిగతా రోజులు సొంతవాళ్లకే ఉంచడం ఇందుకే. ఊరికే చూసి రావాలనుకునేవాళ్లకు వేరే చోట్లున్నాయి. మెల్‌బోర్న్ నడిబొడ్డున ఫెడరేషన్ స్క్వేర్‌లో కూరీ హెరిటేజ్ ట్రస్ట్ అందుకే ఉంది.

తెలుగు సంఘాలు కబురు పంపేటప్పుడు

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలకు పైగా. ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు నిండుతున్నాయి. స్టేజీ మీద ఆబొరిజినల్ పెద్దను కూర్చోబెట్టాలన్న ఆలోచనా వస్తోంది. మంచిదే. ముందు హాలు ఎవరి నేల మీద ఉందో రాష్ట్ర ప్రభుత్వ మ్యాప్‌లో అడ్రసు కొట్టి చూడాలి. వెల్‌కమ్ కావాలంటే ఆ ప్రజల నమోదిత సంస్థను కనీసం ఆరేడు వారాల ముందు సంప్రదించాలి. పక్కనే ఉందని గ్యాదరింగ్ ప్లేస్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పలేరు, కాదనీ అనలేరు. రుసుము బేరమాడకూడదు. పురోహితుడికి దక్షిణ ఇచ్చేటప్పుడు రసీదు చూసి తగ్గించమనం కదా.

జనవరి 26న భారత గణతంత్ర దినం, ఆస్ట్రేలియా డే కలిపి జరిపే సంఘాలున్నాయి. 1788లో బ్రిటిష్ జెండా పాతిన రోజు అది. 1938లోనే ఆబొరిజినల్ నాయకులు సిడ్నీలో దాన్ని శోకదినంగా పాటించారు. ఆ రోజున ఆట, పాట, బిర్యానీ మధ్య వెల్‌కమ్ చెప్పమని అడిగితే చాలామందికి మనసు రాదు. తేదీ మార్చుకోవడమో, అడగకుండా ఉండటమో మేలు.

అక్నాలెడ్జ్‌మెంట్ తెలుగులోనే చెప్పొచ్చు. 'మనం కూర్చున్న ఈ నేల వాదావురంగ్ ప్రజలది. వాళ్ల వెనకటి పెద్దలకు, ఇప్పటి పెద్దలకు నమస్కారం' అంటే సరిపోతుంది. పేరు సరిగ్గా పలకడం ముఖ్యం, నిడివి కాదు. పెద్దలను 'ఆంటీ', 'అంకుల్' అని పిలుస్తారు. మనం పక్కింటివాళ్లందరినీ అలాగే పిలుస్తాం కాబట్టి ఇందులో విశేషం కనపడదు. అక్కడ అది సమాజం ఇచ్చిన గౌరవ పదం, వయసుతోపాటు దానంతటదే రాదు. వాళ్లు అలా పిలవమన్నాకే పిలవాలి. చనిపోయినవాళ్ల ఫొటోలు, పేర్లు చూపే ముందు చాలా కుటుంబాలు హెచ్చరిక కోరతాయి. లోపల ఫొటో తీసే ముందు అడగాలి, పిల్లల ఫొటోలైతే తీయకపోవడమే మంచిది. పిల్లలతో వాలంటీరుగా పనిచేయాలనుకుంటే 'వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్' అనే నేర చరిత్ర పరిశీలన ముందే చేయించుకోవాలి. వాలంటీర్లకు అది ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది.

ఓపెన్ డే రోజు మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు. భోజనం ముందు పెద్దలకు, తర్వాత పిల్లలకు వడ్డిస్తారు, అతిథులు వరసలో వెనక నిలబడతారు. పులిహోర తీసుకెళ్తే అందులో వేరుశెనగలున్నాయని చీటీ రాసి పెట్టాలి. తిన్నాక సింకు దగ్గర చెయ్యి వేస్తే ఎవరూ వద్దనరు.